పేరు విడదీసి కలిపిన పంతులమ్మగారు

మొన్న పొద్దున్న పాలు కాస్తుండగా అగ్రికో కాలనీ నుంచి కబురు వచ్చింది, పంతులమ్మగారు పోయారని. జ్వరమని విన్నప్పటినుంచీ నాకు అదే భయం. "మీ భయాలు ఒక్కటీ నిజం కావండీ" అని నన్ను ఎప్పుడూ ఊరడించే మనిషి. ఇదొక్కటి నిజమైంది.

మీ పిల్లలెవరైనా ఆవిడ క్వార్టరు వరండాలో కూర్చుని చదువుకుని ఉంటే ఆవిడ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. మా మనవరాలికి అప్పట్లో ఐదేళ్లు నిండినా మాట సగం మింగేసేది. నాన్న పేరడిగితే "హాచలం" అనేది. మేముండే బర్మామైన్స్‌లో మా సందులోని హిందీ పిల్లలు "గూంగీ, గూంగీ" అంటూ మూగదాని కింద జమకట్టి ఏడిపించేవారు. దీన్ని ఏ బడి చేర్చుకుంటుంది, దీని బతుకేమవుతుంది అని నాకు అన్నం సయించేది కాదు.

చివరికి పంతులమ్మగారి దగ్గరికి తీసుకెళితే, ఆవిడ పిల్లకి పలక ఇవ్వలేదు. గుప్పెడు చింతపిక్కలు ఇచ్చారు. ఒక మాట పైకి అని, అందులో వినబడిన చప్పుడుకొక పిక్క జరపాలి. మామిడి అంటే మా, మి, డి. అది పట్టుబడ్డాక "మా"ని కూడా సాగదీయించేవారు. పెదాలు మూసి మ్‌మ్‌మ్, నోరు తెరిచి ఆ. పిల్ల వేలు తన పెదాల మీదే పెట్టించుకునేవారు. "ముందు అక్షరం చెవికి రానివ్వండి, చేతికి అదే వస్తుంది" అనేవారు.

ఒకనాడు నేను వెళ్లేసరికి మనవరాలు వాళ్ల నాన్న పేరును ముక్కలు చేస్తోంది. సిం. హా. చ. లం. మా అప్పన్న కొండ పేరే నా కొడుక్కి పెట్టుకున్నాం. వాడేమో ఆ వేళ కార్ఖానాలో కొలిమి దగ్గర పనిలో ఉన్నాడు.

"ఏటమ్మా ఇది! డూటీలో ఉన్నోడి పేరు ఇరిసేత్తన్నారు! ఆడికేటైనా అయితేనో?"

ఆవిడది వేరే మతం. నవ్వొచ్చు, కసరొచ్చు. రెండూ చేయలేదు.

"విరవట్లేదు మామ్మగారూ, విడదీస్తున్నాం. మళ్లీ కలిపేదాకా ఇక్కడ ఎవరూ లేవరు. మీరూ కూర్చోండి."

పిల్ల పిక్కలన్నీ దగ్గరికి చేర్చింది. "సింహాచలం" అంది. నిండుగా అంది. నా మొహం చూసి "ఫిర్ సే? మళ్లీ అననా?" అని అడిగింది.

"అను తల్లీ, మల్లీ అను."

అయినా ఆ సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చేదాకా గుమ్మం వదల్లేదనుకోండి. అప్పటినుంచి నేను కనబడితే చాలు, ఆవిడ "ఈ పూట దిగులు దేనికండీ?" అనేవారు.

"పిల్లకి దగ్గమ్మా. తగ్గట్లేదు."

"సరే, ఆ దిగులు నాకిచ్చేయండి. మీరు టీ తాగండి."

ఆవిడకి మట్టి ఇచ్చేవేళ వాళ్లవాళ్లు పాట ఎత్తుకున్నారు. మా ఇంట్లో ఎరగని పాట. ఎక్కడ తప్పు చేస్తానో అని వెనకే నిలబడ్డాను. ఇప్పుడు బడికెళ్తున్న మనవరాలు ఎవరిదో పాటల పుస్తకం అడిగి తీసుకుని నా పక్కకి వచ్చింది. వాళ్లు అందుకునే ముందే ఒక్కో చరణం నా చెవిలో చదివింది. ఏడుస్తూనే చదివింది. దాని వెనకాలే నేనూ అన్నాను. పాట ఆగిపోయాక కూడా దాని ఊపిరి నా చెవికి వెచ్చగా తగులుతూనే ఉంది.