ఖాళీ పళ్లెం బరువు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ గ్రాములాయనే. ముప్పయ్యేళ్లుగా కాటాలు బాగుచేయడం, సరిచూసి ముద్ర వేయడం ఆయన పని. ఏ కొట్టుకెళ్లినా సరుకు వైపు చూడడు, ముల్లు వైపు చూస్తాడు. ఉల్లిపాయలు పది గ్రాములు తగ్గాయని కూరగాయలామెతో అరగంట పేచీ పెట్టుకుంటుంటే, పక్కన సంచీ పట్టుకున్న భార్యకి తల కొట్టేసినట్టుండేది. "నా చేతిమీదుగా వెళ్లిన కాటా అబద్ధమాడదు" అని రోజుకోసారైనా అనందే ఆయనకి అన్నం సయించదు.

అలాంటి మనిషికి కోర్టు నుంచి సాక్షి కాగితం వచ్చింది. పక్క వీధి టైలరమ్మ మీద గంజాయి కేసు. ఆమె భర్తకి వెన్ను దెబ్బతింది. కాలి నరం లాగినప్పుడల్లా ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. డాక్టరు రాసిస్తే మందుల షాపులో గంజాయి నూనె ఇవ్వొచ్చని ప్రభుత్వం కొత్తగా చట్టం తెచ్చింది. అదే మొక్క ఇంట్లో పెంచితే మాత్రం నేరం. నూనెకి పేరు రాయించుకుంటే ఏడాదికి గాని వంతు రాదన్నారు. ఏడాది ఆగమని నొప్పికి ఎవరు చెప్తారు? ఆమె పెరట్లో నాలుగు మొక్కలు పెంచి, ఆకు మరిగించి తాగించింది. పోలీసులొచ్చి ఆకు కోసి తూచారు. కిలో నలభై గ్రాములు. ఆమెని లోపల పెట్టారు, కొన్నాళ్లకి బెయిలు మీద వదిలారు.

కిలో లోపైతే మందలించి పూచీ మీద వదిలేస్తారు. కిలో దాటితే ఐదేళ్ల జైలు, జడ్జి జాలిపడినా తగ్గించడానికి వీల్లేదు. ఆమె బతుకంతా ఆ నలభై గ్రాముల మీద ఉంది. స్టేషను కాటాకి ముద్ర వేసింది గ్రాములాయనే కాబట్టి, అది సరైనదని ఆయనొచ్చి చెప్పాలి.

"ఆమె మళ్లీ లోపలికెళ్తే ఆ మనిషికి మంచినీళ్లిచ్చే దిక్కుండదు," అంది భార్య.

"నన్నేం చేయమంటావు? కాటా కాటాయే," అన్నాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ. పైకి గీరగానే అన్నాడు గానీ, లోపల బాధగానే ఉంది.

వాయిదా రోజు పొద్దున ఆవిడ అల్యూమినియం పళ్లెంలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. బియ్యం పక్కకి జరిపేసరికి అడుగున ఆయనకి నంబరు కనిపించింది. ప్రతి కాటా పళ్లెం మీదా ఆయన స్వయంగా కొట్టే నంబరు.

"ఈ పళ్లెం ఎక్కడిది?"

"మీరు తెచ్చిందే. పోయినేడు స్టేషను కాటా బాగుచేశారు కదా, అప్పుడు. సొట్ట తీసి ఇచ్చేస్తానన్నారు. సొట్ట తీశారు. ఇవ్వడం మానేశారు."

ఆ కాటా ముల్లుని సున్నా మీద నిలబెట్టింది ఈ పళ్లెంతోనే. మరి ఇన్నాళ్లూ అక్కడ దేంట్లో పెట్టి తూస్తున్నట్టు?

"దీని సంగతి ఎవరికీ తెలీదు," అన్నాడు మెల్లిగా.

"నాకు తెలుసుగా," అంది ఆవిడ. బియ్యం గిన్నెలోకి వంపేసి, పళ్లెం తుడిచి ఆయన సంచీలో పెట్టింది.

కోర్టులో బల్ల మీద కాటా ఉంది. పక్కనే క్యాంటీన్లో వాడే బరువైన స్టీలు పళ్లెం.

"ఈ కాటా సరైనదేనా?" అడిగాడు ప్రభుత్వ వకీలు.

గ్రాములాయన సంచీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముప్పయ్యేళ్ల పేరు. ఎదురుగా టైలరమ్మ, అలవాటుకొద్దీ మెళ్లో వేసుకొచ్చిన టేపు కొనని వేళ్లకి చుట్టుకుంటోంది.

"కాటా సరైనదేనండీ. తప్పు నాది," అన్నాడు సంచీలోంచి పళ్లెం తీస్తూ. "దానికి ఉండాల్సిన పళ్లెం ఇది. ఆ స్టీలు పళ్లెం ఖాళీగా పెట్టి చూడండి."

పెట్టారు. ముల్లు సున్నా దాటి అరవై దగ్గర ఆగింది. ఖాళీ కాటా వైపు తామెప్పుడూ చూడలేదని ఎస్సై నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు.

"ఈ పళ్లెం ఇన్నాళ్లూ ఎక్కడుంది?" అడిగారు జడ్జి.

"మా ఇంట్లోనండీ, బియ్యం కింద."

జడ్జిగారికి ఎక్కళ్లేని దగ్గూ అప్పుడే వచ్చింది. కిలో నలభైలోంచి అరవై తీసేస్తే తొమ్మిది వందల ఎనభై. టైలరమ్మని పూచీ మీద వదిలేసి, ఆమె భర్తకి నూనె ముందుగా ఇవ్వమని రాశారు. తూనికల ఆఫీసు మాత్రం గ్రాములాయన ముద్రని ఆర్నెల్లు లాగేసుకుంది. ఇక వీధి ఊరుకుంటుందా? కూరగాయలామె రోజూ ఖాళీ పళ్లెం చూపించి, "చూస్కో బాబాయ్, సున్నా" అంటోంది. ఆయన కిక్కురుమనడం లేదు.

నాలుగో రోజున టైలరమ్మ ఇంటికొచ్చింది. కాళ్ల మీద పడుతుందేమో, వద్దమ్మా అనాలి అనుకుంటూ ఆయన కాలరు సర్దుకున్నాడు.

"ఆ అరవై గ్రాములకి ఇరవై రెండు రోజులు లోపలున్నాను, అన్నయ్యగారూ," అంది. "అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. ఆ రోజుల్ని ఏ పళ్లెంలో పెట్టి తీసేస్తారు?"

ఆయన కాలరు మీంచి చెయ్యి తీశాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు. "నన్నేం చేయమంటావమ్మా?" అన్నాడు.

"నూనె కోసం వరసలో పొద్దున్నే నిలబడితే మధ్యాహ్నానికి గాని వంతు రాదు. కుట్టు వదిలి నేను నిలబడలేను. మీకెలాగూ ఆర్నెల్లు పని లేదు కదా."

ఆర్నెల్లు కాదు, ముద్ర తిరిగొచ్చాక కూడా నెలనెలా ఆయనే నిలబడుతున్నాడు. వంతు రాగానే మందుల షాపతను నూనె పోయబోతే చెయ్యి అడ్డం పెడతాడు.

"ముందు ఖాళీ సీసా తూచి చూపించు, బాబూ. తర్వాత పోద్దువుగాని."

వెనక వరసంతా తల పట్టుకుంటుంది. ఆయన మాత్రం కదలడు.