కన్సెప్టా దిద్దిన గీత

"తగ్గింది" అన్న మాట ఒంటరిగా కనిపిస్తే కన్సెప్టా డూలీకి ఒళ్లు మండేది. ఆమె కింద గుమాస్తాగా చేరిన కొత్తలో "ఈ ఏడు ఉత్పత్తి తగ్గింది" అని రాసి ఆమె బల్ల మీద పెట్టాను. కాగితం నా ముందుకే తోసేసి, తగ్గించింది వానా, యంత్రమా, పైవాళ్లా, అది కూడా రాసుకు రమ్మంది. రాసుకెళ్తే మళ్లీ తోసింది. మూడోసారికి గానీ తలెత్తి నా మొహం చూడలేదు.

మా ఊరి బతుకంతా పీట్ మీదే, బొగ్గులా మండే నల్లమట్టి మీదే నడిచింది. వేసవిలో బురదనేలను యంత్రంతో పలచగా గీకడం, ఆ నల్లటి పొడిని ఎండబెట్టి కుప్పలు పోయడం, కరెంటు కేంద్రంలో కాల్చడానికి పంపడం. మూడు రోజులు వరసగా పొడిగా ఉంటే ఒక కోత వస్తుంది. పన్నెండు కోతలంటే గొప్ప వేసవి. అయితే ఐర్లండ్‌లో వాన దగ్గరి చుట్టం, పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఆఫీసు గోడ పొడవునా అంటించిన కాగితం మీద కన్సెప్టా ముప్పై ఎనిమిదేళ్లు రెండు గీతలు గీసింది. నల్లది దేశం మొత్తం పీట్ ఉత్పత్తి, ఎర్రది మా ఒక్క పీట్ కేంద్రానిది. ఏటా ఒక చుక్క, దాని కింద ఒక వాక్యం. చమురు ధర మండిపోయినప్పుడు నల్ల గీత ఎందుకు ఎగబాకిందో, గ్యాసు గొట్టాలొచ్చాక ఎందుకు చతికిలబడిందో, పొగ మీద లోకం కన్నెర్ర చేశాక ఎలా నేలకు దిగిందో ఆ వాక్యాలు చదువుకుంటూ పోతే తెలిసిపోయేది. కారణం లేని చుక్క ఒక్కటీ లేదని మేమంతా గొప్పలు చెప్పుకునేవాళ్లం.

పోయినేడు రెండు గీతలూ సున్నా మీద కూర్చున్నాయి. మా పీట్ కేంద్రం మూసేశారు. ఆదివారం చర్చి హాల్లో వీడ్కోలు పెట్టి, ఆ కాగితాన్ని అందరూ చూసేలా గోడకు కట్టాలనుకున్నారు. శుక్రవారం నేను దాన్ని జాగ్రత్తగా చుట్టబోతుంటే కన్సెప్టా తలుపు మూసి, ఎర్ర గీతలో ఒక అబద్ధం ఉందని చెప్పింది.

నేను ఐదో క్లాసులో ఉన్నప్పటి మాట అది. ఆ వేసవంతా వాన. వచ్చినవి ఐదే కోతలు. ఎనిమిది కన్నా తగ్గితే సీజను కూలీలను చలికాలానికి ముందే ఇంటికి పంపేసేవారు. అలాంటివాళ్లు యాభై మంది, మా నాన్న ఫెర్గల్ వాళ్లలో ఒకడు. నేల మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన పాత కుప్ప ఒకటి మిగిలి ఉంది, అంతకుముందు ఏడే లెక్కకెక్కింది, అదీ ఐదు కోతలంత. మేస్త్రీ వచ్చి బతిమాలితే కన్సెప్టా దాన్ని కొత్త పీట్‌గా రాసేసింది. కాగితం మీద పది కోతలయ్యాయి. యాభై మందీ పనిలో నిలబడ్డారు.

మరుసటి ఏడు ఎండ విరగకాసింది. పదమూడు కోతలు. కానీ రెండుసార్లు లెక్కకెక్కిన పీట్‌ను ఎక్కడో ఒకచోట తీసెయ్యాలి కదా. ఆమె ఆ ఏటి లెక్కలోనే తీసేసింది. కాగితం మీద ఎనిమిదే మిగిలాయి. అంత ఎండలోనూ తగ్గిందంటే నేల అయిపోయిందన్నా అనుకోవాలి, కూలీలు సోమరులన్నా అనుకోవాలి అని పైవాళ్లు తేల్చి, వాళ్లు పనిచేసే పడమటి నేల మూసి ఆ యాభై మందినీ పంపేశారు.

చాలామంది ఇంగ్లండ్ వెళ్లిపోయారు. నాన్న వెళ్లలేదు. పదమూడు కోతలు తీశామని పబ్బులో చెబుతూనే ఉన్నాడు, జనం నవ్వుతూనే ఉన్నారు. ఎవడైనా చేప ఇంత పొడుగని చేతులు చాపితే "అది ఫెర్గల్ కోతలే" అనడం మా ఊళ్లో అలవాటైపోయింది. పిల్లలు కూడా అనేవాళ్లు. ఒకసారి నేనూ అన్నాను.

నాకు కన్సెప్టా మీద పట్టరాని కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు నా పక్కన కూర్చుని టీ తాగింది, ఆ మాట ఎన్నిసార్లు వినలేదు?

"దిద్దితే ఊరు నన్నేమంటుందో నాకు తెలుసు," అంది. "దిద్దకపోతే మీ నాన్నని ఇంకా అంటూనే ఉంటారు. ఆయనకి ఎనభై నాలుగు. నన్నేం చెయ్యమంటావు?"

ఏం చెయ్యాలో నన్నడగొద్దని చెప్పి వచ్చేశాను. ఆమె చేసిన మేలు లేకపోతే ఆ చలికాలం మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదన్న సంగతి ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది. దాంతో కోపం తగ్గలేదు సరిగదా, ఏడుపొచ్చింది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. టీ, హామ్ శాండ్‌విచ్‌లు, ఫాదర్ గారి ఉపన్యాసం అయ్యాక కన్సెప్టా చేత్తో ఎర్ర పెన్సిల్ పట్టుకుని కుర్చీ ఎక్కింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత వాన కురిసిన ఏటి చుక్కను ఐదు దగ్గరికి దించింది.

వెనకనుంచి నూలా గెరెటీ లేచింది. పని పోయాక ఆమె భర్త లివర్‌పూల్ వెళ్లి అక్కడే చనిపోయాడు.

"ఆయన్ని పంపింది నువ్వన్నమాట," అంది నూలా.

"అవును," అంది కన్సెప్టా. నూలా కోటు తీసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు నాన్న కర్ర ఊతంగా గోడ దాకా నడిచాడు. రెండో చుక్క కూడా పెట్టమన్నాడు. కన్సెప్టా మునివేళ్ల మీద నిలబడి చెయ్యి బాగా పైకి చాపాల్సి వచ్చింది. ఎర్ర గీత మొత్తంలో అంత పైన చుక్క ఇంకోటి లేదు. దాని కింద ఆమె ఒక వాక్యం రాసింది: ఎండ బాగా కాసింది, ఈ యాభై మంది ఒక్క రోజూ వదల్లేదు.

నాన్న కళ్లజోడు సర్దుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. కుర్చీ దిగడానికి ఆమెకు చెయ్యి అందించాడు.

"అంత ఎత్తా?" అన్నాడు.

"అంతే, ఫెర్గల్. అప్పుడూ అంతే."

"పదమూడని అప్పుడే బ్రిడీకి కూడా చెప్పాను," అన్నాడు నాన్న. "తనూ నవ్వింది."

బ్రిడీ మా అమ్మ. పోయి పదకొండేళ్లయింది.