ఈదమ్మ వెయ్యని మొదటి దెబ్బ

ఈదమ్మ ఒకసారి ఉరిమి చూస్తే రజాకార్ల తుపాకుల్లో మందు తడిసిపోయేది. నమ్మనివాళ్లు నకిరేకల్ పక్కన మా ఊరికొచ్చి నన్నే అడగండి. వేరేవాళ్లను అడగొద్దు.

ఆ చూపు ఆమె ఇంటిని మాత్రం కాపాడలేకపోయింది. ఆమె మొగుడు దొర మీద తిరగబడ్డ సంఘపోళ్లకు జొన్నగటక పెట్టాడని దొర గుమాస్తా దశరథం రజాకార్లకు చెప్పాడు. వాళ్లు అతన్ని చితకబాది, ఇల్లు తగలబెట్టారు. మొగుడు ఆ దెబ్బలకు మళ్లీ లేవలేదు. ఈదమ్మ కాలిన ఇంటి బూడిద పిడికెడు తీసి, పసుపుగుడ్డలో మూటగట్టి, దశరథం పేరు చెప్పి మైసమ్మకు ముడుపు కట్టింది. ముడుపు కట్టాక ఆ ఫిర్యాదు ఇక అమ్మవారిదే.

నాకూ దశరథం మీద పగ ఉంది. ఊరందరి ముందు నా మీసం సగం గీయించాడు. ఎంత మీసం! కొసలకు చెరో బిందె తగిలించి నీళ్లు మోసేవాణ్ణి.

యూనియన్ మిలిట్రీ వచ్చింది. దొర పట్నం పారిపోయాడు. చొప్పవాములో దాక్కున్న దశరథాన్ని చావడి ముందుకు ఈడ్చుకొచ్చాం. ప్రాణాలతో వదలొద్దని అందరి మాట. ఎక్కువ నష్టపోయినవాళ్లదే మొదటి దెబ్బ అని పెద్దమనుషులు తేల్చి, ఈదమ్మను ముందు నిలబెట్టారు. నన్ను అందరికన్నా వెనక! నా మీసానికి విలువే లేదా? కడుపు మండిపోయింది.

“కొట్టక్కా, జల్ది కొట్టు. మా వంతు గూడ రావాలె,” అని నా గుతపకర్ర ఆమె చేతికిచ్చాను.

“నేను ముట్ట. వీని సంగతి మైసమ్మకు ఒప్పజెప్పిన.”

“జెప్తే ఏమాయె? మనం గూడ జర సాయం పడదాం.”

“ఆమెకు నీ సాయం గావాల్నా తమ్మీ? ముందుగాల ఆ మీసం సక్కగ పెంచుకో.”

జనం పగలబడి నవ్వారు. దశరథం కూడా నవ్వబోయి ఆగాడు.

ఆమె గుతప కింద పెట్టి చేనుకు పోయింది. మొదటి దెబ్బ పడందే రెండోది ఎట్లా? ఆమెను దాటి కొడితే, మా దుఃఖమే పెద్దదని చెప్పుకున్నట్టు. కర్రలు పట్టుకొని నిలబడి నిలబడి కాళ్లు పీకాయి. చివరికి అతన్ని మిలిట్రీకి అప్పజెప్పారు.

అప్పటినుంచి ఏ పంచాయితీ అయినా “ఈదమ్మను పిలువుండ్రి” అంటారు. నన్నెవరూ పిలవరు. అది పోనీ. మిట్టమధ్యాహ్నం చేనుగట్టున ఆమె గురకపెట్టి నిద్రపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. దశరథం పేరు వింటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు మరి.

ఆ రోజు మైసమ్మే దిగొచ్చి ఈదమ్మ చెయ్యి పట్టుకుందనీ, కోపమన్నదే లేకుండా మనసు కడిగేసిందనీ మొన్న కల్లు మండువాలో చెబుతున్నాను. గంప నెత్తిన పెట్టుకొని పోతున్న ఈదమ్మ విని ఆగింది.

“మైసమ్మ రాలే, ఎవ్వలు రాలే. కోపం ఇప్పటికీ ఉన్నది. ఆమెకు ఇచ్చేసినంక నాది గాదని ఊకున్న.”