ఆరబెట్టిన మడి

మా అత్తమ్మ పొలం రఘునాథపల్లి దాటి లోపలికి వెళ్లాలి. ఎకరన్నర వరి, ఒక బోరు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మేం తినే బియ్యమంతా అక్కడిదే. వేసవిలో ఆ బోరు నీళ్లు పరీక్షకు పంపాం. ఆర్సెనిక్ ఉండాల్సిన దానికంటే ఎక్కువుందని కాయితం వచ్చింది. మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. ఆ అన్నమే ముద్దలు చేసి పెడుతున్నాం. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, ఆదివారం ఊరెళ్లి గడపలోనే చెప్పేశాను.

"అత్తమ్మా, మన బోరు నీళ్లల్ల ఆర్సెనిక్ ఉన్నదట."

ఆమె ముఖం వెలిగిపోయింది. "కరోనప్పుడు నాలిక మీద ఏసుకోమని ఓమియో తెల్లగోలీలు ఇచ్చిండ్రు సూడు, గా సీస మీద గదే పేరు! మన బోర్ల మందు పడ్డదా బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే గోడ మీంచి పక్కింటామెకు కూడా చెప్పేసింది. ఆవిడ ఓ బిందె నీళ్లడిగింది. నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

"అది మందు కాదత్తమ్మా. పాషాణం."

ఆ మాట ఆమెకు తెలుసు. గోడ దగ్గర్నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంది. "పాప తిన్నదా?" అని మాత్రం అడిగింది. తిన్నదన్నాను. ఇద్దరం ఏడ్చాం.

వ్యవసాయాధికారి దగ్గరికెళ్లాం, ఆమె ఇంకా చిన్న వయసు అమ్మాయి. వరి మడిలో నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచితే ఆ విషం గింజలోకి ఎక్కువగా ఎక్కుతుందనీ, మధ్యమధ్య మడి ఆరనిచ్చి మళ్లీ తడపమనీ చెప్పింది. వండేటప్పుడు నల్లా నీళ్లు ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చమంది. గంజి సంగతి అత్తమ్మ సరేనంది. మడి ఆరబెట్టడమే ఆమెకు గొంతు దిగలేదు. పాదం మునిగేంత నీళ్లు లేని పొలాన్ని ఆమె పొలమే అనదు.

ఆ వానాకాలం వానలు ముఖం చాటేశాయి. బోరే దిక్కు. మడి మొదటిసారి ఆరి నెర్రెలు పట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. దారిన పోయే ఒకాయన ఆగి, "ఏందక్కా, వరేసినవా, జొన్నేసినవా?" అన్నాడు. అత్తమ్మ మోటారు దాకా వెళ్లి, స్విచ్ మీద చెయ్యి పెట్టి, తీసేసింది. ఒడ్డు మీదికొచ్చి నా మీద విరుచుకుపడింది. "నీ మాటిని పంట మాడగొట్టుకుంటాన్న!" పైకి ధైర్యం చెప్పాను గానీ, ఆమె చూడనప్పుడు నేనూ నెర్రెల్లో వేలు పెట్టి తడి ఉందో లేదో చూశాను. మూడో రోజు నీళ్లు పెట్టాక పైరు తేరుకుంది. ఆ తర్వాత ఆమే రోజులు లెక్కపెట్టి ఆరబెట్టింది. ఈలోపు మేం కొట్లో కొన్న బియ్యం వండి పెడితే పాప లొట్టలేసుకుంటూ తినడం ఆమెకు పెద్ద అవమానమైంది.

కోతలయ్యాయి. కొత్త బియ్యం పరీక్షకిస్తే, పిల్లలకు పెట్టొచ్చని కాయితం వచ్చింది. దాన్ని పట్టుకుని పాపతో సహా శనివారం ఊరెళ్లాను. మర్నాడు చర్చిలో కోతల పండుగ. తొలిపంట దేవుని ముందు పెట్టకుండా అత్తమ్మ ఒక్క గింజ కూడా ముట్టదు, ఎవరినీ ముట్టనివ్వదు. అలాంటిది, పొయ్యి మీద కొత్త బియ్యం ఉడుకుతున్నాయి.

"పండుగ రేపు గదా అత్తమ్మా, గిప్పుడే వండినవేంది? కాయిదం కూడా మంచిగనే వచ్చింది, జర ఆగకపోయినవా?"

ఆమె కాయితం వైపు చూడనైనా లేదు. గంజి వార్చి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దను ఊదింది.

"కాయిదం కాయిదమే. పది రోజుల సంది నేనే వండుక తింటాన్న. నాకేం గాలే. దేవునికి చెప్పుకున్న, ఏమనుకోడు. ఇగ పిల్లకు పెడుత."

ఆ విషం పది రోజుల్లో బయటపడే రకం కాదు. అది ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. పాప పక్కన కూర్చుని నేనూ ముద్ద కోసం నోరు తెరిచాను.