నాయనమ్మ మైకునే నమ్మింది

డిగ్రీ పట్టా చేతికొచ్చి, పెళ్లింకా కాని ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదనుకునేదాన్ని. (ఇప్పుడు నిద్రపోతున్న మా పాప నుదురు మూడోసారి తాకి చూసి, జ్వరం లేదని నమ్మకం కుదరక, కూర్చుని ఇది రాస్తున్నాను.) వనపర్తిలో ఫ్లెక్సీలు, ఆటో మైకు ప్రకటనలు చేసే దుకాణంలో నా మొదటి ఉద్యోగం. ఓ చూర్ణం వాళ్లు "నలభై రోజుల్లో షుగర్ మాయం" అని రాసిస్తే, పస చాలలేదని "గోళీలు పారేయండి, జిలేబీ తినండి!" అని నేనే కలిపి, నా గొంతుతోనే రికార్డు చేశాను. ఆటో ఊరూరా తిరిగింది.

నాలుగో రోజు డ్రగ్ ఇన్‌స్పెక్టరు సారు దుకాణానికి వచ్చారు. "మందు మంచిదే సార్, మా బావమరిది తింటుండు" అన్నాడు మా ఓనరన్న. "మంచిదా కాదా తర్వాత సంగతి. షుగర్ నయం చేస్తమని ప్రకటన ఇచ్చుడే నేరం. జైలుకు పోతరు. మైకుల చదివిన పిల్ల ఎవరు?" నేను టేబుల్ కింద పెన్ను వెతుకుతున్నాను (పెన్ను చేతిలోనే ఉంది). మైకు వెంటనే ఆపమని, మళ్లీ వినబడితే కేసేనని చెప్పి ఆయన వెళ్లారు.

ఊపిరి పీల్చుకునేలోపే మా ఊరు బిజినేపల్లి నుంచి నాన్న ఫోన్. "నాయనమ్మ షుగర్ గోళీలు మోరీల పారేసింది. కండ్లు తిరుగుతున్నయంటది, దవాఖానకు రానంటది. జల్ది రా!"

వెళ్లేసరికి నాయనమ్మ మంచంలో ఉంది. తలాపున చూర్ణం డబ్బా, చేతిలో జిలేబీ.

"నాయనమ్మా, అదంత అబద్ధమే! రాసింది నేనే!"

"ఇంట్ల నువ్వు వంద అబద్ధాలు చెప్తవ్. మైకుల చెప్తవా? నా మనుమరాలేనని ఊరంత చెప్పుకుంటి."

"ఇప్పుడు చెప్తున్న గదనే, పరేషాన్ చెయ్యకు!"

"గట్లయితే మైకుల చెప్పు."

ఓనరన్నను బతిమాలి ఆటో తెప్పించి, మా వాకిట్లోనే మైకు పట్టుకున్నాను. "చూర్ణం గురించి నేను చెప్పింది అబద్ధం. గోళీలు ఆపినోళ్లు డాక్టరు దగ్గరికి పోండి. నాయనమ్మా, లే!" మైకు కుయ్యిమంది.

నాయనమ్మ లేచింది. "పోయినసారే మంచిగ చదివినవ్" అంటూ వచ్చి అదే ఆటోలో ఎక్కింది. దవాఖాన దాకా నన్ను ఆపనివ్వలేదు. "జర గట్టిగ చదువు. ఈ గల్లీల ఆడోళ్లకు గూడ నేనే చెప్పిన, గోళీలు పారేసిన్రు."

గొంతు బొంగురుపోయేదాకా చదివింది ఆ పిల్ల, అప్పటి నేను. ఇప్పుడు తలుచుకుంటే దాని మీద కోపం రాదు. దగ్గర కూర్చోబెట్టుకుని, ఓ గ్లాసు వేడినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.