అంటే మామయ్య పెట్టిన ముఖాముఖి

అంటే మామయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఎదుటివాళ్ళు చెప్పిన మాటను తన నోటితో మళ్ళీ చెప్పి, వాళ్ళచేత "అంతే" అనిపించుకుంటేగానీ జవాబివ్వడు. "వడ్డించనా?" అని అత్తయ్య అడిగితే, "అంటే నువ్వనేది, ఆకలేస్తే ఇప్పుడే తినొచ్చు, లేకపోతే కాసేపు ఆగొచ్చు. అంతేనా?" అంటాడు. ఆవిడ "అంతే" అనాలి. అప్పుడు ఆలోచించి "వడ్డించు" అంటాడు. ఈలోగా అన్నం చల్లారుతుంది.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో ఫ్రేములు చూపించే పని మేనకోడలిది. వెనక చీకటి గదిలో పరీక్ష మామయ్యది. ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అద్దం మార్చి అద్దం వేసి, "ముందుదా, ఇదా?" అంటాడు. "రెండూ ఒకటేనండీ" అన్నవాడి పని అయిపోయినట్టే. "అంటే మీరనేది, రెంటిలోనూ ఒకేలా కనపడుతోందా, రెంటిలోనూ ఒకేలా కనపడటం లేదా?" కంటి బాధతో లోపలికి వెళ్ళినవాళ్ళు తలనొప్పితో బయటికొచ్చేవారు. కానీ ఆ దుకాణంలో చేయించుకున్న జోడు సరిపోలేదని తిరిగొచ్చినవాళ్ళను మేనకోడలు చూడలేదు.

ఒకసారి పై అంతస్తు పెద్దమనిషి దుకాణం బోర్డు వెలుతురు తన పడకగదిలో పడుతోందని అరుచుకుంటూ దిగివచ్చాడు.

"అంటే మీరనేది, బోర్డు తీసెయ్యమని."

"తియ్యమన్నానా? ఆర్పమన్నాను!"

"అంటే, అసలు వెలిగించొద్దని."

"అలా ఎందుకంటానండీ, మీ వ్యాపారం మీది. పడుకునే వేళకి ఆర్పితే చాలంటున్నాను."

"అంతేనా?"

"అంతే" అన్నాడాయన. గొంతు అప్పటికే మామూలుగా అయిపోయింది. వెళ్ళేముందు చదువుకునే జోడు ఎంతవుతుందో కనుక్కుని మరీ వెళ్ళాడు.

అత్తయ్య ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. తొందరపెడితే ఆవిడ మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఊరుకుంటే, ఆగి ఆగైనా మొత్తం బయటికొస్తుంది. కిందటి ఎన్నికల్లో వార్డు కౌన్సిలర్‌గా నిలబడింది. ఎదుటివాడు బేకరీ ఆయన. మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో గాలి కూడా దూరదు. ఇద్దరికీ ముఖాముఖి పెట్టారు. ఇద్దరికీ సమానంగా సమయం, సమయం కాగానే ఇద్దరికీ ఒకే గంట మోగుతుంది. అంతకంటే న్యాయం ఏముంటుంది? బేకరీ ఆయన తన సమయంలో వార్డు చరిత్ర అంతా చెప్పి ఒక జోకు కూడా వేశాడు. అత్తయ్య "ఆసుపత్రి బ... బ..." అంటుండగానే గంట మోగింది. హాలు నవ్వింది. అత్తయ్య ఓడింది. ఆ తరువాత ఆసుపత్రి నుంచి వచ్చే సాయంత్రం బస్సు వాళ్ళ వీధిలోకి రావడం మానేసింది.

ఆ బస్సు కోసమే అత్తయ్య ఈసారి మళ్ళీ నిలబడింది. ముఖాముఖి ఎవరు నడపాలన్న మాట వచ్చినప్పుడు, మామయ్య పేరు చెప్పింది బేకరీ ఆయనే.

"అన్నగారే నడపాలి. ఇంట్లోనే వదినగారి పక్షం మాట్లాడి ఎరగరు, ఇక్కడేం మాట్లాడతారు?"

మామయ్య ఒప్పుకున్నాడు. గంట మాత్రం వద్దన్నాడు. ఎవరికి ఎంతసేపు పడితే అంతసేపు. కాకపోతే ఎదుటివాళ్ళ మాటను ముందు తిరిగి చెప్పి, వాళ్ళచేత "అంతే" అనిపించుకోవాలి. ఆ తరువాతే తన మాట. బేకరీ ఆయన "ఓస్, ఇంతేనా!" అని సంతకం పెట్టేశాడు.

మర్నాడు దుకాణంలో మేనకోడలు ఉండబట్టలేక అడిగింది.

"మామయ్యా, ఇది అత్తయ్య కోసం పెట్టిన రూలంటారు అందరూ."

"అంటే నువ్వనేది, గడియారం ఎవరి పక్షమూ కాదు, నేను మాత్రం మీ అత్తయ్య పక్షం. అంతేనా?"

"అంతే."

"గడియారం కూడా ఒక పక్షమే తల్లీ. గబగబా మాట్లాడేవాళ్ళ పక్షం. పెళ్ళాం లేదు కాబట్టి దాన్నెవరూ అనుమానించరు."

"మరి ఎదుటివాళ్ళు సరిగ్గా చెప్పినా, కావాలని 'కాదు, కాదు' అంటూ కూర్చుంటే?"

మామయ్య ఈసారి 'అంటే' అనలేదు. చేతిలో అద్దాన్ని అవసరం లేకపోయినా మళ్ళీ తుడిచాడు.

"ఆ రోగానికి నా దగ్గర అద్దం లేదు" అన్నాడు చివరికి.

ముఖాముఖి నాడు బడి హాల్లో కుర్చీలన్నీ నిండాయి. మొదట అత్తయ్య మాట్లాడింది. మాటలు ఆగుతూ వచ్చాయి. ముందు వరుసలో ఎవరో దగ్గారు, ఎవరో కుర్చీ జరిపారు. గంట లేదు కాబట్టి ఆవిడ చెప్పదలుచుకున్నది చివరిదాకా చెప్పి కూర్చుంది. బేకరీ ఆయన మైకు అందుకున్నాడు.

"అంటే వదినగారనేది, బస్సు నేనే ఆపించానని."

"కాదు" అంది అత్తయ్య.

"బస్సులు ఇంకా ఎక్కువ కావాలని."

"కాదు."

"పోనీ, నేను చేతకానివాణ్ణని!"

"కా... కాదు."

హాలంతా గొల్లున నవ్వింది. "బన్నులు అమ్మినంత తేలిక కాదన్నా!" అని వెనకనుంచి ఒక గొంతు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అత్తయ్య ఏమందో మొదటిసారి గుర్తు చేసుకుంటున్నట్టు, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అంటే... రక్తం శుద్ధి చేయించుకుని వచ్చే మనిషికి ఒంట్లో ఓపిక ఉండదు. మెయిన్ రోడ్డు నుంచి నడవలేడు. తీసుకురావడానికి ఇంట్లోంచి ఎవరో ఒకరు పని మానుకుని వెళ్ళాలి. మాటిమాటికీ మానుకుంటే ఆ పనే పోతుంది. అందుకని కొందరు... ఆసుపత్రికి వెళ్ళడమే మానేస్తున్నారు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కానీ "అంతే" అనాల్సింది అత్తయ్య.

"కాదను వదినా!" అన్నారెవరో. "ఇంకో రెండుసార్లు తిప్పించు!"

మేనకోడలు మామయ్య వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. అత్తయ్య వైపు చూస్తే సైగ చేశాడంటారని కాబోలు. కిందటిసారి తనను చూసి నవ్విన హాలు ఇప్పుడు అత్తయ్య పిడికిట్లో ఉంది. ఒక్క 'కాదు'తో ఈయనను ఇంకాసేపు అందరిముందూ నిలబెట్టొచ్చు.

"అం..." అంది అత్తయ్య.

ఏమనబోతోందో ఆ అక్షరంతోనే తెలిసిపోయింది. అయినా మాట పూర్తయ్యేదాకా హాలు మొత్తం ఆగింది.

"...అంతే."

తరువాత బేకరీ ఆయన తన వాదన చెప్పాడు. దాన్ని తిరిగి చెప్పే వంతు అత్తయ్యది. వీధి మలుపులో పెద్ద బస్సు తిరగలేక ఇరుక్కునేదనీ, ఒకనాడు బడి పిల్లవాడు చక్రం కింద పడబోయి తప్పించుకున్నాడనీ, ఆ భయంతోనే ఈయన బస్సు వద్దన్నాడనీ ఆగి ఆగైనా ఎంత బాగా చెప్పిందంటే, బేకరీ ఆయన నోరు తెరుచుకుని విన్నాడు.

"అంతే! నాకే ఇంత బాగా చెప్పడం రాలేదు వదినా!"

హాలు చప్పట్లు కొట్టింది. బేకరీ ఆయనకు!

ఆ చప్పట్ల పుణ్యమో ఏమో, కాస్త తేడాతో మళ్ళీ ఆయనే గెలిచాడు. కానీ సుఖపడలేదు. రొట్టె కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ, "అంటే మీరనేది, ఆ రోగులు మెయిన్ రోడ్డు నుంచి నడవలేరని. అంతేనా?" అని అడగడం మొదలుపెట్టారు. తన నోటితో తాను మైకులో చెప్పిన మాట, కాదనడానికి లేదు. కొన్నాళ్ళకు ఆ మలుపు తిరగగలిగే చిన్న బస్సు వచ్చింది.

ఆ బస్సును చూడటానికి అత్తయ్య, మేనకోడలు దుకాణం మెట్ల మీద నిలబడ్డారు.

"మొత్తానికి మామయ్య చాదస్తం ఒక పనికొచ్చింది" అంది మేనకోడలు.

"చాదస్తమా?" అత్తయ్య నవ్వింది. "పెళ్ళయిన కొత్తలో ఆయనకు ఈ అలవాటు లేదు. నేను ఒక్కో మాటా రెండు మూడుసార్లు అనేదాన్ని కదా. చుట్టాలు నవ్వేవాళ్ళు. ఒకరోజు ఉన్నట్టుండి ఈయన కూడా మొదలుపెట్టారు, అందరి మాటలూ మళ్ళీ చెప్పడం. ఆ రోజునుంచి వాళ్ళు నన్ను వదిలేసి ఆయన్ని చూసి నవ్వుతున్నారు."

మేనకోడలు వెనక్కి తిరిగి చూసింది. చీకటి గదిలోంచి "ముందుదా, ఇదా?" అని వినపడుతోంది.

"అంటే, ఆయనకు మొదటిసారికే అర్థమవుతుందా? మీకెలా తెలుసు?"

"నిద్రలో మాట్లాడతారుగా" అంది అత్తయ్య. "గడగడా, అన్నీ ఒక్కసారే. అడిగినదానికి టక్కున జవాబు. నన్ను ఒక్క ముక్క మాట్లాడనిస్తేనా!"