తకిలి బిళ్ళ ఎవరు కనిపెట్టినట్టు?

ఆ రోజుల్లో నేలలో ఏం దొరికిందన్నదాని కంటే, అది ఎవరి పేరున దొరికిందన్నదే నాకు పెద్ద విషయంగా ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున ఒక పాటిగడ్డను తవ్వారు (పాత ఊరు మట్టిలో కలిసిపోయిన దిబ్బను మావైపు అలా అంటారు). కుండ పెంకుల మీద సిరాతో అంకెలు వేసే తాత్కాలిక గుమాస్తాను నేను. మట్టి తట్టలు మోసేవాళ్లలో మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, ఉంది. ఇంట్లో మగ్గం ఆగిపోయి కూలికి వచ్చింది. మొదటి రోజే అందరి ముందు "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అని అడిగితే, పక్కకు పిలిచి "ఈడ నన్ను సార్ అనాలె" అన్నాను. "అట్లనే సారూ. మరి బువ్వ తిన్నరా సారూ?" అంది గట్టిగా. కూలీలంతా నవ్వారు. ఆ నవ్వును నేను చాలా ఏళ్లు క్షమించలేదు.

ఒకనాడు నడుమ చిల్లున్న చిన్న మట్టి బిళ్ళ దొరికింది. పిల్లల బండి చక్రమని తవ్వకాలు నడిపే పెద్దసారు, చెవిపోగని ఫొటోలు తీసే ఆయన వాదించుకుంటూ భోజనానికి గుడారంలోకి పోయారు. చిన్నమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "చక్రమెక్కడిది! గిది తకిలి బిళ్ళ. మా అవ్వ గిసొంటి దానికే పుల్ల గుచ్చి నూలు వడికేది" అంది. నేను గుడారంలోకి పరుగెత్తి అదే మాట చెప్పాను. "భేష్! ఎలా కనిపెట్టావయ్యా?" అన్నారు పెద్దసారు. "ఆలోచించాను సార్" అన్నాను (గుడారం దాకా పరుగెత్తడానికి పట్టినంతసేపు ఆలోచించాను). ఆ ఏడాది ఎక్కడెక్కడ ఏమేం బయటపడ్డాయో చెప్పే పుస్తకం ఒకటి వస్తుందని, అందులో పేరు పడితే నౌకరీ పర్మనెంటు అవుతుందని గుడారాల్లో చెప్పుకునేవారు.

పుస్తకం వచ్చింది. మా బిళ్ళకు ఒకే వాక్యం: "తకిలి బిళ్ళగా గుర్తించడమైనది." ఎవరు గుర్తించారు? పేరు లేదు. పక్కన ఫొటోలో కొలబద్ద పట్టుకున్న నా చెయ్యి మణికట్టు దాకా ఉంది, మిగతా నేను లేను. కోపం పట్టలేక ఆ పుస్తకం వేసేవాళ్లకు ఉత్తరాలు రాశాను, ఒకటి కాదు, పదకొండు. చివరికి జవాబు వచ్చింది: అప్పుడు అక్కడున్న సాక్షి సంతకం గానీ వేలిముద్ర గానీ పంపితే వచ్చే పుస్తకంలో పేరు వేస్తామని. ఉన్న సాక్షి చిన్నమ్మ ఒక్కతే.

బిళ్ళను గుర్తించింది నేనేనని కాగితం రాసుకుని ఆమె ఇంటికి పోయాను. "ఏం రాసినవో జర సదువు" అంది. చదివాను. నా పేరు వచ్చిన చోటల్లా గొంతు దిగిపోయింది. "నేను జెప్పింది గద బిడ్డా" అంది మెల్లగా. మళ్లీ తనే, "పోనీ తియ్. నీ నౌకరీ పక్కా అయితదంటే ఏస్త. ఏలికి సిరా రాయి" అని చెయ్యి చాపింది. సిరా బుడ్డి మూత తీయడానికి నాకు చేతులు రాలేదు.

ఇంటికొచ్చి ఆ కాగితం చించేశాను. బిళ్ళను పోల్చింది మా చిన్నమ్మేనని, నేను అబద్ధమాడానని కొత్త ఉత్తరం రాసి పోస్టాఫీసు డబ్బాలో వేశాను. జవాబు రాలేదు, ఆమె పేరూ పడలేదు. ఆ పుస్తకం వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. కాని నా పేరు కోసం పదకొండు రాసినవాణ్ణి, ఆమె పేరు కోసం ఒక్కటి రాసి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నావురా అని అప్పటి నాలోని కుర్రవాణ్ణి ఇప్పుడు అడిగితే, పోస్టాఫీసు దూరమని చెప్పేలా ఉన్నాడు. నవ్వొస్తుంది. అంతకుముందు పదకొండు సార్లు నడిచిన దారే అది.